మార్కెట్ పడకముందే చేసుకోవాల్సిన పని

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చిన్న మదుపరుల కోసం చేసిన ప్రసంగ పాఠం. చివర సభికులు అడిగిన రెండు ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా తగ్గనే లేదు, అయినా ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. ముందు వరసల్లో స్టీల్‌ప్లాంట్‌లో, పోర్టులో, షిప్‌యార్డులో చేసి రిటైరైనవాళ్లు కనిపిస్తున్నారు. వెనక నిలబడ్డ పిల్లలు మధురవాడ, రుషికొండ వైపు ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లనుకుంటాను. రెండు వైపులా అవసరాలు వేరు. నేను మాట్లాడబోయే సంగతి మాత్రం ఇద్దరికీ పనికొస్తుంది.

దెబ్బ మీద దెబ్బ తగులుతున్నా దీర్ఘకాల మదుపరి ఎలా నిలదొక్కుకోవాలో చెప్పమన్నారు నన్ను. మామూలుగా ఈ విషయం ఎత్తగానే ధైర్యం గురించి, ఓర్పు గురించి చెబుతారు. భయపడకండి, పట్టుకుని కూర్చోండి, మార్కెట్ ఎప్పటికైనా లేస్తుంది అంటారు. నేను ఉద్యోగమంతా బ్యాంకులోనే చేశాను. డబ్బు పోయినప్పుడు మనుషులు పడే అవస్థ కౌంటరు దగ్గర నిలబడి చూశాను. నేను చూసినంతలో చివరిదాకా నిలబడినవాళ్లు మిగతావాళ్లకన్నా గొప్ప గుండె ధైర్యం ఉన్నవాళ్లేమీ కాదు. పడినప్పుడు అమ్ముకోక తప్పని పరిస్థితి రాకుండా ముందే చూసుకున్నవాళ్లు. ఈ సాయంత్రం నేను ఏం చెప్పినా దీని చుట్టూనే తిరుగుతాను.

ముందు కాస్త పాత లెక్కలు చూద్దాం. కుర్రాళ్లు 2020 తర్వాత మార్కెట్‌లోకి వచ్చారు కాబట్టి వాళ్లకు ఇవి తెలియవు. పెద్దవాళ్లకు తెలుసు, కానీ మరచిపోయి ఉంటారు.

సెన్సెక్స్, అంటే బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో 30 పెద్ద కంపెనీల షేర్ల ధరలు చూపించే సూచీ, 1990 జులైలో మొదటిసారి 1,000 దాటింది. 1992 ఏప్రిల్ మొదటికల్లా 4,500 దగ్గరకు వెళ్లింది. షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా పేరు తెలియని మధ్యతరగతి ఇల్లు లేదు ఆ రోజుల్లో. ఏప్రిల్ 23న ఆయన బ్యాంకుల డబ్బు షేర్లలోకి మళ్లించిన కుంభకోణం పేపర్లోకి ఎక్కింది. 28న ఒక్కరోజులోనే సెన్సెక్స్ దాదాపు 13 శాతం పడింది. సరే, అది ఒక దెబ్బ. ఒక దెబ్బని ఎవరైనా ఓర్చుకుంటారు. ఆ తర్వాత వరసగా ఏం జరిగిందో చూడండి. 2000 ఫిబ్రవరిలో ఐటీ షేర్ల ఊపులో సూచీ 6,000 తాకింది. హమ్మయ్య, అసలు వచ్చేసింది అనుకున్నారు జనం. ఏడాది తిరిగేసరికి కేతన్ పారేఖ్ అనే బ్రోకర్ షేర్ల ధరలు ఎగదోసిన వ్యవహారం బయటపడింది. 2001 జులైలో, జనం డబ్బు పోగుచేసి మదుపు పెట్టే ప్రభుత్వ రంగ సంస్థ యూటీఐ వాళ్లు యూఎస్-64 అనే పథకం యూనిట్ల అమ్మకాన్నీ, తిరిగి కొనడాన్నీ ఆరు నెలలపాటు ఆపేశారు. షేర్లంటే భయపడి, ప్రభుత్వం వెనకుంది కదా అని ఆ యూనిట్లు కొనుక్కున్న టీచర్లు, గుమాస్తాలు, పెన్షనర్లు ఎంతమందో. వాళ్లకూ తగిలింది. ఆ సెప్టెంబరులో అమెరికా మీద దాడులు జరిగాక సెన్సెక్స్ 2,600 దాకా జారింది. 2003 ఏప్రిల్ వచ్చినా ఇంకా 3,000 దగ్గరే ఉంది.

అంటే 1992లో 4,500 దగ్గర డబ్బు పెట్టి కదలకుండా కూర్చున్న మనిషి పదకొండేళ్ల తర్వాత కూడా మూడో వంతు నష్టంలోనే ఉన్నాడు. డివిడెండ్లు ఎంతో కొంత వచ్చి ఉంటాయి, కాదనను. కానీ ఆ రోజుల్లో బ్యాంకు ఎఫ్‌డీ మీద 10 శాతం, అంతకు పైన కూడా వడ్డీ ఇచ్చేవాళ్లం. ఎఫ్‌డీ వేసుకున్న తోడల్లుడు ఆ డబ్బు రెట్టింపు చేసుకుని సీతమ్మధారలో ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చాడు. ఈయన సంక్రాంతికి అత్తారింటికి వెళ్లిన ప్రతిసారీ "ఏం బావా, నీ షేర్లు ఎంతదాకా వచ్చాయి?" అన్న మాట పడాలి. మార్కెట్ ఒక్కరోజులో 13 శాతం పడటం కన్నా మనిషిని ఎక్కువ నలిపేది ఇదే. ఏళ్ల తరబడి ఏమీ జరగకపోవడం, జరిగినా మళ్లీ మొదటికి రావడం, చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు వెళ్లిపోవడం.

2003లో చాలామంది విసిగిపోయి అమ్మేసి బయటికి వచ్చేశారు. భయపడి కాదు, విసిగి. ఆ 3,000 నుంచి 2008 జనవరికి సెన్సెక్స్ 21,000 దాటింది, ఐదేళ్లలో ఏడు రెట్లు. మధ్యలో 2004 మే 17న ఎన్నికల ఫలితాల తర్వాత ఒక్కరోజే 11 శాతం పడింది, రెండుసార్లు ట్రేడింగ్ ఆపాల్సి వచ్చింది. అది కూడా చివరికి చిన్న గీతలాగే మిగిలిపోయింది. 2003లో విసిగి వెళ్లిపోయినవాళ్లు ఎప్పుడు తిరిగొచ్చారో బ్యాంకులో కూర్చున్న మాకు బాగా తెలుసు. 2008 జనవరిలో వచ్చారు. ఆ నెల రిలయన్స్ పవర్ ఇష్యూ, అంటే ఆ కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం. షేరు 450 రూపాయలు, చిన్న మదుపరులకు 430. అప్లికేషన్లకు క్యూలు కట్టారు. ఫిబ్రవరి 11న మార్కెట్‌లో లిస్టయిన రోజే ఇష్యూ ధర కన్నా బాగా కింద ముగిసింది. అదే ఏడాది అక్టోబరుకి సెన్సెక్స్ 8,000 కిందికి వెళ్లింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చెబుతాను, దయచేసి దీన్ని గుర్తుపెట్టుకోండి. పడటం, లేవటం రెండూ ఒకే కొలతతో కొలవకూడదు. 100 రూపాయల్లో 20 పోతే మిగిలిన 80 మళ్లీ 100 అవడానికి 25 శాతం పెరగాలి. 50 పోతే 100 శాతం పెరగాలి. 80 పోతే మిగిలిన 20 ఐదు రెట్లు కావాలి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి సూచీ నిఫ్టీనే చూడండి. 2007 చివర 6,139 దగ్గర ఉంది. 2008 చివరికి 2,959, అంటే 52 శాతం పతనం. 2009లో 76 శాతం పెరిగింది. పేపర్లు అద్భుతమైన ఏడాది అని రాశాయి. కానీ 2009 చివర నిఫ్టీ 5,201. అంతటి అద్భుతం జరిగినా పాత చోటికి ఇంకా 15 శాతం కిందే ఉంది. అందుకే ఎంత లాభం రావాలి అనేదానికన్నా ఎంత వరకు పోవడాన్ని నేను తట్టుకోగలను అనే ప్రశ్న ముందు వేసుకోవాలి.

ఇదే లెక్క నెలనెలా పెట్టేవాడికి ఇంకోలా పనిచేస్తుంది. నెలకు పదివేలు చొప్పున సిప్, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే వాయిదా, కడుతున్నారనుకోండి. ఫండ్ యూనిట్ ధర మొదటి నెల 50, రెండో నెల 40, మూడో నెల సగానికి పడి 25, తర్వాత 40, తర్వాత 50. మీకు వరసగా 200, 250, 400, 250, 200 యూనిట్లు వస్తాయి. మొత్తం 1,300. పెట్టింది 50 వేలు. యూనిట్ సగటున 38 రూపాయల 46 పైసలకు పడింది. ధర 40కి వచ్చేసరికే, అంటే మొదలుపెట్టిన చోటుకి ఇంకా 20 శాతం కిందే ఉండగానే, మీరు నష్టంలోంచి బయటపడ్డారు. 50కి వస్తే మీ చేతిలో 65 వేలు. ఈ మొత్తంలో ప్రాణం లాంటిది ఆ 400 యూనిట్ల నెల. సరిగ్గా ఆ నెలలోనే సిప్ ఆపేస్తారు మనవాళ్లు! 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పడింది. జనవరిలో 42,000 పైన ఉన్నది మర్నాటికి 26,000 కింద కూడా తాకింది. ఆ వారం నా ఫోను మోగుతూనే ఉంది, ఎలా ఆపాలి అని. ఆపకుండా ఉన్నవాళ్లు అదే నవంబరుకి పాత ఎత్తు మళ్లీ చూశారు.

అయితే ఆపినవాళ్లందరూ పిరికివాళ్లా? కాదు. జీతం ఆగిపోయినవాళ్లు, హోటలు మూతపడినవాళ్లు, ఫ్లాట్ ఈఎంఐ కట్టాల్సినవాళ్లు ఏం చేస్తారు? వాళ్లకి "ఓర్పు పట్టండి" అని ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. వాళ్ల దగ్గర లేనిది ఓర్పు కాదు, ఆరు నెలల ఇంటి ఖర్చు.

మన ఫిషింగ్ హార్బర్ దగ్గరికి మే నెలలో వెళ్లి చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరపడవలన్నీ పక్కపక్కనే ఆనుకుని కట్టేసి ఉంటాయి. మత్స్యకారులు నీడ పట్టున కూర్చుని వల ఒడిలో పరుచుకుని తెగిన కన్నులు ఒక్కొక్కటే అల్లుతుంటారు. ఇంజను విప్పి పెడతారు, పడవకు రంగు వేస్తారు. ఆ రెండు నెలలూ వాళ్లకు కష్టమే, అప్పు చేసేవాళ్లూ ఉంటారు. కానీ ఆదాయం ఆగే కాలం ఒకటి వస్తుందని వాళ్ల ఇళ్లల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఖర్చు దాని ప్రకారం సర్దుకుంటారు. మదుపరి దగ్గర తేదీ ఒక్కటే ఉండదు. వస్తుందని మాత్రం ఖాయం. మన సూచీ సగానికి సగం పడటం, ఏళ్ల తరబడి కదలకపోవడం రెండూ జరిగినవే, మళ్లీ జరుగుతాయి. రాదనుకుని చేసే ప్లాను ప్లానే కాదు.

ఆరు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, ఎఫ్‌డీలో పెట్టమంటే కుర్రాళ్లు ముఖం చిట్లిస్తారు. వడ్డీ తక్కువ కదా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లను అడగండి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్టుకి, మంచినీళ్ల డబ్బాకి అడిగినంత ఇచ్చి కొనుక్కున్నాం. ఆ రోజుల్లో బీరువాలో ఐదారు వేలు నోట్లున్న ఇల్లు, లక్షల షేర్లున్న ఇంటికన్నా నెమ్మదిగా ఉంది. అలాంటి సమయంలో షేర్ల మీద చెయ్యి వేయనక్కర్లేకుండా కాపాడటమే ఆ డబ్బు ఇచ్చే వడ్డీ. ఒక మాట, బ్యాంకు డిపాజిట్ మీద బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకే, అసలు వడ్డీ కలిపి. అది కూడా 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి పెంచారు. పెద్ద మొత్తమైతే రెండు మూడు బ్యాంకుల్లో పెట్టుకోండి.

అప్పు చేసి షేర్లు కొనడం గురించి రెండే మాటలు. వద్దు. పర్సనల్ లోన్ తీసి, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి "పడింది కదా, ఇప్పుడే కొనాలి" అని వచ్చేవాళ్లను చూశాను. మీ సొంత డబ్బయితే మార్కెట్ మూడేళ్లు పడి ఉన్నా ఎవరూ తలుపు తట్టరు. అప్పు చేసిన డబ్బుకి ఒకటో తారీకు ఈఎంఐ వస్తుంది, మార్కెట్‌తో దానికి పనిలేదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తున్నాను. ఎన్నిసార్లు పడినా మళ్లీ లేవడం మంచిదే అంటారు కదా. ఎప్పుడూ మంచిదేనా?

2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, అంటే షేరో సూచీయో ఒక గడువులోగా ఎటు కదులుతుందో దాని మీద చేసుకునే ఒప్పందాల్లో, ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. ఖర్చులతో కలిపి ఒక్కొక్కరికి సగటున సుమారు 2 లక్షలు. అందరిదీ కలిపితే లక్షా ఎనభై వేల కోట్లకు పైనే. ఈ అంకెలు పేపర్లో చూసే ఉంటారు. అందులోనే ఇంకో అంకె ఉంది, నన్ను నిద్రపోనివ్వనిది. వరసగా రెండేళ్లు నష్టపోయినవాళ్లలో కూడా 75 శాతానికి పైగా మళ్లీ ట్రేడ్ చేస్తూనే ఉన్నారు.

వాళ్లు పట్టుదల లేనివాళ్లు కాదే! పడ్డారు, లేచారు, మళ్లీ పడ్డారు, మళ్లీ లేచారు. "పోయిన చోటే వెతుక్కోవాలి" అని మనవాళ్లు అంటారు. ఉంగరం పోతే ఆ మాట నిజం. ఆప్షన్లలో పోయిన డబ్బు ఆప్షన్లలోనే రాబట్టుకోవాలనుకోవడం ఎంతమంది కొంపలు ముంచిందో చెప్పలేను. మార్కెట్‌కి మీరు ఎక్కడ పోగొట్టుకున్నారో తెలియదు. అది మీకు అదే షేరులో, అదే ధర దగ్గర తిరిగి ఇచ్చేయాల్సిన బాకీ ఏమీ లేదు. మంచి వ్యాపారాల్లో వాటా కొనుక్కుని, ధర పడినా ఓర్చుకునేవాడికి ఆ వ్యాపారాలు సంపాదించే లాభం తోడుంటుంది. వారం వారం గడువు తీరిపోయే ఆప్షన్ కొన్నవాడికి కాలమే ఎదురుతిరుగుతుంది. ఇద్దరూ ఓర్చుకుంటున్నారు. ఒకడి ఓర్పుకి కూలి దొరుకుతుంది, ఇంకొకడిది రోజురోజుకీ కరిగిపోతుంది.

కాబట్టి దెబ్బ తగిలినప్పుడు మొదట చూసుకోవాల్సింది ఇది ఏ రకం దెబ్బ అని. సూచీ మొత్తం పడి, దాంతోపాటు మీ షేరూ పడిందా? కంపెనీ వ్యాపారమే కుంగిపోతోందా? లేక అసలు మోసమా? ఈ మూడింటికీ ఒకే మందు వేయకూడదు. సత్యం కంప్యూటర్స్ తెలుగువాళ్లెవరూ మరచిపోలేరు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికి వచ్చింది. ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేదన్నారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40కి పడింది. పడింది కదా అని ఆ రోజు కొన్నవాళ్లున్నారు. అది ధర తగ్గడం కాదు, అంతకుముందు ఉన్న ధరే అబద్ధం. ఇళ్లకు అప్పులిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్ కంపెనీ సంగతి చూడండి. దివాలా ప్రక్రియ ముగిశాక 2021లో వాటాదారులకు పైసా మిగల్లేదు, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలో అవి సున్నా అయ్యాయి. అక్కడ ఇరవై ఏళ్లు ఓర్చుకున్నా వచ్చేదేమీ లేదు.

ఈ రెండింటి మధ్యలో ఇంకో రకం ఉంటుంది, అదే కష్టం. మన ఆంధ్రా బ్యాంకు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు. ఆ పేరు మీద మనకున్న మమకారం కొద్దీ షేర్లు కొని పిల్లల పేర్న పెట్టుకున్న కుటుంబాలు ఈ హాల్లోనే ఉండి ఉంటాయి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. మోసం లేదు, దివాలా లేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియదు. వెయ్యి షేర్లు ఒక ఉదయం 325 అయితే గుండె కలుక్కుమంటుంది. అలాంటప్పుడు పాత ధరను పక్కన పెట్టి, ఇప్పుడు నా చేతిలో ఈ డబ్బే నోట్ల రూపంలో ఉంటే ఈ కొత్త షేరు కొంటానా అని అడగండి. కొనేవాళ్లయితే ఉంచండి. కొననంటే, ఏ మమకారంతో ఉంచుతున్నారో మీకే తెలుస్తుంది.

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవడం ఆ సమయంలో చాలా కష్టం. మనసుకి లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం పెట్టే బాధ దాదాపు రెండింతలుంటుందని డేనియల్ కానమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కానమన్‌కి 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంత బాధలో ఉన్న మనిషి సరిగ్గా ఆలోచించలేడు. అందుకే ఆలోచన ముందే చేసి రాసిపెట్టుకోవాలి.

గాజువాకలో నాకు తెలిసినాయన ఒకరు ఇలా రాస్తారు. పిల్లలు బడికి పట్టుకెళ్లే రూళ్ల నోటుబుక్కే. ఒక్కో కంపెనీకి ఒక్కో పేజీ. పైన తేదీ, ధర. దాని కింద రెండే శీర్షికలు: ఎందుకు కొన్నాను, ఏం జరిగితే అమ్ముతాను. ఒక సిమెంటు కంపెనీ పేజీలో నీలం సిరాతో ఇలా ఉంది: "అప్పు తగ్గిస్తామన్నారు. రెండేళ్లలో తగ్గకపోతే అమ్మేయాలి. ధర పడిందని అమ్మకూడదు." దాని కింద ఏడాది తర్వాత నల్ల సిరాతో: "ధర 30 శాతం పడింది. అప్పు తగ్గింది. ఉంచాను." ఇంకో పేజీలో: "ధర పెరిగింది. అప్పు కూడా పెరిగింది. అమ్మేశాను." ఆ రెండో పేజీలో రాసింది నాకు చాలా నచ్చింది. ధర పెరిగిన సంతోషంలో కూడా ఆయన తను రాసుకున్న షరతునే చూశారు. మార్కెట్ పడి ఎర్రగా ఉన్న రోజు ఆయన ఫోన్‌లో యాప్ తెరవరు. నోటుబుక్కు తెరుస్తారు.

యాప్ అన్నాను కాబట్టి ఇంకొకటి. భోగాపురం వైపు, ఆనందపురం వైపు ఎందరో ప్లాట్లు కొని ఉంచారు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. మధ్యలో ప్లాట్ల ధరలు ఎన్నిసార్లు పడ్డాయో, ఎన్నిసార్లు లేచాయో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ప్లాటు ధర పొద్దున్నే తొమ్మిదింపావుకి ఫోన్‌లో కనబడదు. పదేళ్లు ప్లాటు పెట్టుకుని నిశ్చింతగా ఉన్న మనిషే పది రోజుల్లో షేరు పది శాతం పడితే టెన్షన్ పడి అమ్మేస్తాడు. ఆ మనిషికి ఓర్పు లేక కాదు, రోజూ ధర చూపించి ఆ ఓర్పుని ఖర్చుపెట్టించేస్తున్నారు. నోటిఫికేషన్లు ఆపేయండి. ఇండెక్స్ ఫండ్‌లో, అంటే సూచీలో ఉన్న షేర్లనే అదే పాళ్లలో కొనే ఫండ్‌లో, సిప్ ఉన్నవాళ్లు ఆరు నెలలకొకసారి చూసుకుంటే చాలు.

ఇల్లు గురించి చెప్పకుండా వెళ్లలేను. నష్టం వచ్చినప్పుడు మన మగవాళ్లు చేసే మొదటి పని భార్యకి చెప్పకుండా దాచడం. దాచాక దాన్ని పూడ్చేందుకు ఇంకో అప్పు, దాన్ని దాచడానికి ఇంకో అబద్ధం. డబ్బు పోవడం కన్నా ఆ ఒంటరితనమే మనిషిని కుంగదీస్తుంది. డీమ్యాట్ ఖాతా ఎక్కడుంది, ఎంతుంది, నామినీ ఎవరు అనేది ఇంట్లో ఇద్దరికీ తెలియాలి. అమ్మా, ఇక్కడున్న ఆడవాళ్లందరికీ చెబుతున్నాను, ఈ రాత్రికే అడగండి. నిలదీయడానికి కాదు, తోడుండటానికి. ఎంత పోయినా ఇంట్లో చెప్పుకోగలిగిన మనిషి ఏదో ఒక రోజు మళ్లీ మొదలుపెట్టగలడు. ఎవరికైనా ఇక బతకలేననే ఆలోచన దాకా వెళ్తే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఏ నష్టమూ ప్రాణమంత విలువైంది కాదు.

ఇంకో మాట చెప్పకపోతే మిమ్మల్ని తప్పుదోవ పట్టించినవాణ్నవుతాను. దీర్ఘకాలంలో మార్కెట్ తప్పకుండా లేస్తుంది అనేది ప్రకృతి ధర్మమేమీ కాదు. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు చివర 38,915 దగ్గర ముగిసింది. ఆ అంకెను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరి 22న. ముప్ఫై నాలుగేళ్లు. ఒక మనిషి ఉద్యోగ జీవితం మొత్తం. మన దేశంలో అలా జరగదని నేను హామీ ఇవ్వలేను, ఎవరు ఇచ్చినా నమ్మకండి. అందుకే ఉన్నదంతా షేర్లలో పెట్టమని ఎవరికీ చెప్పను. ఒకే కంపెనీలో పొదుపులో ఇరవయ్యో వంతు దాటనివ్వకండి. అది సున్నా అయినా, మిగిలింది సుమారు ఐదుంపావు శాతం పెరిగితే మీరు మళ్లీ మొదటి చోటికి వస్తారు. సగం డబ్బు ఒకే షేరులో పెట్టి పోగొట్టుకుంటే మిగిలింది రెట్టింపవ్వాలి. పతనాన్ని తట్టుకునే శక్తిలో ఎక్కువ భాగం ఈ ఒక్క నిర్ణయంలోనే ఉంటుంది. అది కొనేరోజే అయిపోతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ముందు వరసలోని ఒక పెద్దాయన): మాస్టారూ, నాకు అరవై రెండేళ్లు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి నలభై లక్షలు వచ్చాయి. మా అబ్బాయి అంతా మ్యూచువల్ ఫండ్‌లో వేసి నెలకు ముప్ఫై వేలు తీసుకోమంటున్నాడు. వేయొచ్చా?

అబ్బాయి మంచి మనసుతోనే చెప్పాడు, కానీ వాడి వయసు లెక్క వేశాడు. మీ లెక్క వేద్దాం. నలభై లక్షలు వేశారు. మొదటి ఏడాదే మార్కెట్ సగానికి పడింది, ఇరవై మిగిలింది. మీరు ఇంటికి 3 లక్షల 60 వేలు తీశారు, 16 లక్షల 40 వేలు ఉంది. రెండో ఏడాది మార్కెట్ రెట్టింపయ్యింది, అంటే మొదటి చోటికి వచ్చేసింది. మీ దగ్గర 32 లక్షల 80 వేలు. మళ్లీ 3 లక్షల 60 వేలు తీశారు. 29 లక్షల 20 వేలు. మీరు తీసుకుంది 7 లక్షల 20 వేలు, తగ్గింది 10 లక్షల 80 వేలు. మార్కెట్ పూర్తిగా కోలుకున్నా 3 లక్షల 60 వేలు మీకు తిరిగి రాలేదు, ఎందుకంటే అడుగున ఉన్నప్పుడు అమ్మారు. నెలనెలా తీసుకునేవాడికి మొదటి నాలుగైదేళ్లే ప్రమాదం.

కాబట్టి ముందు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీం చూడండి. ఒక్కొక్కరు 30 లక్షల వరకు వేయొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది, పోస్టాఫీసులోనూ బ్యాంకులోనూ తీసుకుంటారు. అంత మొత్తం వేయడం ఇష్టం లేకపోతే కనీసం ఐదేళ్ల ఖర్చయినా అందులో, ఎఫ్‌డీల్లో ఉండాలి. మిగిలినదాంట్లో కొంత, మీకు నిద్ర పట్టేంత, ఇండెక్స్ ఫండ్‌లో రెండేళ్లపాటు నెలనెలా వేయండి. పడినప్పుడు దాని జోలికి వెళ్లాల్సిన పని మీకు ఉండదు. అబ్బాయిని కూర్చోబెట్టి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, ఒప్పుకుంటాడు.

ప్రశ్న (వెనక నుంచి ఒక యువకుడు): సార్, ఆప్షన్లలో నాలుగు లక్షలు పోయాయి. అందులో రెండున్నర పర్సనల్ లోన్. ఇంట్లో తెలియదు. ఎలా కోలుకోవాలి?

ఇంతమందిలో లేచి అడిగావు బాబూ, అదే పెద్ద పని. కూర్చో. మొదట ఆప్షన్లు ఆపెయ్, ఈరోజే. బ్రోకర్ యాప్‌లో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగాన్ని ఆపేసే వీలుంటుంది, ఆపించు. తర్వాత ఇంట్లో చెప్పు, అంకెలతో సహా, ఒక్క పైసా తగ్గించకుండా. మూడోది, ఆ లోన్ తీరేదాకా ఏ సిప్పూ వద్దు. పర్సనల్ లోన్ వడ్డీ కన్నా ఎక్కువ ఖాయంగా ఇచ్చే ఫండ్ ఏదీ లేదు. లోన్ తీరాక అదే ఈఎంఐ మొత్తాన్ని ముందు ఆరు నెలల ఖర్చు కింద దాచు, ఆ తర్వాత సిప్‌గా మార్చు. డబ్బు ఎలాగూ నెలనెలా ఖాతాలోంచి వెళ్లడం అలవాటయ్యి ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు, అందరూ వినండి. నష్టాన్ని కూడా ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి. ఎఫ్ అండ్ ఓ నష్టం వ్యాపార నష్టం కిందికి వస్తుంది. దాన్ని జీతంతో సర్దుకోనివ్వరు, కానీ ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి వ్యాపార ఆదాయంతో సర్దుకోవచ్చు. షేర్లు, ఫండ్లు అమ్మితే వచ్చిన నష్టం కూడా అంతే, ఎనిమిదేళ్లు. స్వల్పకాల నష్టాన్ని స్వల్పకాల, దీర్ఘకాల మూలధన లాభాలు (అమ్మకం మీద వచ్చే లాభాలు) రెండింటితోనూ, దీర్ఘకాల నష్టాన్ని దీర్ఘకాల లాభంతో మాత్రమే సర్దుకోనిస్తారు. రిటర్ను గడువు లోపల వేస్తేనే ఈ సదుపాయం. జీతం రిటర్ను ఫారం నీకు సరిపోదు, ఐటీఆర్-3 వేయాలి. బ్రోకర్ దగ్గర ట్యాక్స్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకుని రేపే ఎవరైనా ఆడిటర్ని కలువు. సభ అయ్యాక కాసేపు ఆగు, ఆ లోన్ కాగితాలు ఇద్దరం కలిసి చూద్దాం. ముందస్తుగా కట్టేస్తే ఎంత పెనాల్టీ పడుతుందో అందులో రాసి ఉంటుంది.